అమ్మాయి చూపించిన పిట్స్‌బర్గ్

“ఈసారి ఫాల్ బ్రేక్‌కి ఇంటికి రావట్లేదు నాన్నా” అని మా పెద్దమ్మాయి ఫోన్లో చెప్పేసరికి ఇంట్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు. అప్పటికే మా శ్రీమతి దానికి ఇష్టమైనవన్నీ వండి, డబ్బాల్లో సర్ది, మూతల మీద పేర్లు రాసి మరీ ఫ్రీజర్లో పెట్టింది. “మరి ఆ నాలుగు రోజులూ ఒక్కదానివి ఏం చేస్తవు బిడ్డా?” అన్నాను. “ఒక్కదాన్నే ఎందుకుంటాను, ఫ్రెండ్స్ ఉన్నారుగా. క్లాసులున్నప్పుడు ఊరు చూడ్డానికి టైమెక్కడిది? కావాలంటే నువ్వే రా, నేను చూపిస్తా” అంది.

మాటవరసకి అందో, నిజంగానే పిలిచిందో తేల్చుకోకముందే నేను హోటల్ బుక్ చేసేశాను. చిన్నవాడికి బడి ఉంది కాబట్టి వాళ్ళమ్మ ఆగిపోయింది. డబ్బాలు మాత్రం నాతో ప్రయాణం కట్టాయి.

మా న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్‌కి దాదాపు ఆరు గంటల దారి. అక్టోబరు మధ్యలో పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద వెళ్తుంటే రెండు పక్కలా కొండలు పసుపూ కుంకుమా చల్లినట్టు ఉంటాయి. ఆకుల రంగులు చూడాలని పనిగట్టుకుని వెర్మాంట్ దాకా వెళ్ళే మిత్రులకు ఈ దారి గురించి ఒకసారి చెప్పాలి.

పిట్స్‌బర్గ్ నాకు కొత్త కాదు. కనీసం నేను అలాగే అనుకున్నాను. 1999 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి ఒహాయోలో దిగినవాణ్ణి. ఆ రెండేళ్ళలో మూడుసార్లు పిట్స్‌బర్గ్ వచ్చాను. మూడుసార్లూ వేంకటేశ్వరస్వామి గుడికే. ఆ రోజుల్లో సెలవులంటే మాకు రెండే అర్థాలు. ఒకటి, పని గంటలు. చదువు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదు, సెలవుల్లో నలభై చేయొచ్చు. గంటకి 5.15 డాలర్లు. దాన్ని రూపాయల్లోకి మార్చి లెక్కపెట్టుకోవడం ఒక కాలక్షేపం. రెండోది, ఏడుగురం కలిసి ఒక అద్దె వ్యాన్ ఎక్కి, మ్యాప్‌క్వెస్ట్ కాగితాలు చేత పట్టుకుని, ఒకటిన్నర రోజులో ఎన్ని మైళ్ళు తిరగగలిగితే అన్ని తిరిగి రావడం. అలా నయాగరా చూశాం, వాషింగ్టన్ చూశాం. చూశామని చెప్పడానికి ఫొటోలున్నాయి. మేం రెండేళ్ళు ఉన్న ఊళ్ళో ఒక మంచి మ్యూజియం ఉండేదనీ, మా అపార్ట్‌మెంట్‌కి నడిచి వెళ్ళేంత దూరమనీ ఆ ఊరు వదిలిన చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు.

శుక్రవారం సాయంత్రం అమ్మాయి హాస్టల్ కింద కలిసింది. డబ్బాలు చూసి నవ్వి, లెక్కపెట్టి, “ఇవి నాకొక్కదానికి కాదు, ఫ్లోర్ మొత్తానికి” అంది. భోజనానికి కూర్చున్నాక అసలు విషయం చెప్పింది. సోమవారం తనూ, ఇంకో ముగ్గురు స్నేహితులూ కలిసి ఒహాయోపైల్, ఫాలింగ్ వాటర్ చూడటానికి వెళ్తున్నారట. కారులో. గంటన్నర దారి.

“ఎవరు నడుపుతరు?”

“నా రూమ్మేట్. వాళ్ళ ఇంటి కారు.”

“ఎన్నేళ్ళాయె లైసెన్సు వచ్చి?”

“నాన్నా, నీ మొహం చూడు ఒకసారి. ఎందుకంత భయం నీకు?”

“ఊరికే” అన్నాను. ఊరికే కాదు. కానీ ఆ రాత్రి చెప్పలేకపోయాను.

శనివారం పొద్దున్నే నన్ను నడిపించడం మొదలుపెట్టింది. పిట్స్‌బర్గ్‌లో ఓక్లాండ్ అనే పేటలోనే రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు పక్కపక్కన ఉన్నాయి. ఎటు చూసినా విద్యార్థులే. నడిమధ్యలో కెథీడ్రల్ ఆఫ్ లర్నింగ్ అని నలభై రెండు అంతస్తుల రాతి భవనం. పేరులో కెథీడ్రల్ ఉన్నా అది చర్చి కాదు, పిట్ విశ్వవిద్యాలయం తరగతి గదులు. 1926లో కట్టడం మొదలుపెట్టినప్పుడు ఊళ్ళోని బడిపిల్లలు తలా పది సెంట్లు ఇచ్చి, ఇటుక కొన్నట్టు సర్టిఫికెట్లు పుచ్చుకున్నారట. కింద హాలు నాలుగంతస్తుల ఎత్తు. అందులో పెద్ద పెద్ద బల్లల దగ్గర పిల్లలు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని, కొందరు వాటి మీదే తలవాల్చి నిద్రపోతూ కనిపించారు.

ఆ భవనంలో నేషనాలిటీ రూమ్స్ అని 31 గదులున్నాయి. పిట్స్‌బర్గ్‌లో స్థిరపడిన ఒక్కో దేశం వాళ్ళు ఒక్కో గదిని తమ సంప్రదాయంలో కట్టించారు. మామూలు రోజుల్లో చాలా గదుల్లో పాఠాలు జరుగుతాయి, సెలవు రోజుల్లో తిరిగి చూడొచ్చు. మన భారతీయ గది 2000లో తెరిచారు. నలందా విశ్వవిద్యాలయాన్ని తలపించే ఇటుక కట్టడం. “నాకు దిగులేసినప్పుడు ఇక్కడికొచ్చి కూర్చుంటా” అని మా అమ్మాయి మామూలుగా అనేసింది. దిగులు ఎప్పుడేసిందో, ఎన్నిసార్లేసిందో నేనడగలేదు. మాకు ఫోన్లో చెప్పినవాటిలో ఆ సంగతి లేదు.

దగ్గర్లోనే కార్నెగీ మ్యూజియాలు. ఈ రెండు విశ్వవిద్యాలయాల పిల్లలకూ ప్రవేశం ఉచితం. చిన్నపిల్లలున్నవాళ్ళు తప్పక చూడాల్సింది డిప్పీని. 1899లో వయోమింగ్‌లో దొరికిన డిప్లోడోకస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం అది. ఆండ్రూ కార్నెగీ దానికి అచ్చుపోయించి నకళ్ళు లండన్ మొదలుకొని చాలా దేశాలకు పంపాడు, అసలుది మాత్రం ఇక్కడే ఉంది. బయట ఫోర్బ్స్ అవెన్యూ పక్కన డిప్పీ నిలువెత్తు బొమ్మ ఉంది, దానికి ఋతువుని బట్టి మెడకి మఫ్లరు కట్టే అలవాటు ఉంది ఈ ఊరివాళ్ళకి. మా అమ్మాయి అక్కడ గార్డు దగ్గర్నుంచి బస్సు డ్రైవరు దాకా అందరినీ పలకరిస్తోంది. ఒహాయోలో నేను రెండేళ్ళు ఎక్కిన బస్సు డ్రైవరు మొహం నాకు గుర్తు లేదు.

ఆ సాయంత్రం రూమ్మేట్ ఇంటికి భోజనానికి వెళ్ళాం. ఊరికి దక్షిణంగా ఉన్న శివార్లలో భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఏళ్ళ తరబడి నేపాల్ శరణార్థి శిబిరాల్లో గడిపి, 2008 నుంచి అమెరికా చేరినవాళ్ళు. సెలవులొచ్చినా ఇంటికి వెళ్ళలేని పిల్లలందరినీ ఆ ఇంటి తల్లి పిలుస్తుందట. మేం వెళ్ళేసరికి ఒక ఘానా అబ్బాయి, ఒక వియత్నామీ అమ్మాయి, మా అమ్మాయి కలిసి వంటింట్లో మోమోలు ఒత్తుతున్నారు. మా అమ్మాయి ఒత్తినవి మన కజ్జికాయల్లా ఉన్నాయి. నేను, ఆ ఇంటాయన వచ్చీరాని హిందీలో మాట్లాడుకున్నాం. ఆయన ట్రక్కు నడుపుతాడు.

సోమవారం ప్రయాణం గురించి నేనే కదిపాను. ఆయన నవ్వాడు. “మా అమ్మాయికి నేనే నేర్పాను. నా రూల్ ఒకటే. వెలుతురుండగా వెళ్ళాలి, వెలుతురుండగా రావాలి” అన్నాడు. ట్రక్కు డ్రైవర్లకు అమెరికాలో గంటల లెక్క ఉంటుంది. వరసగా పది గంటలు విరామం తీసుకున్నాకే బండి ఎక్కాలి, ఎక్కాక పదకొండు గంటలకు మించి నడపకూడదు. “ట్రక్కువాడికి చట్టం ఉంది, కారువాడికి లేదు. కానీ నిద్ర ఇద్దరికీ ఒకటేగా భాయ్” అన్నాడాయన. నేను తల వంచుకుని పప్పన్నం కలుపుకున్నాను.

ఆదివారం ఇంక్లైన్ ఎక్కిస్తానంది. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో. మా నాన్న సింగరేణి కార్మికుడు. మా దగ్గర ఇంక్లైన్ అంటే ఏటవాలుగా భూమిలోకి దిగే బొగ్గుబాయి. ఎయిట్ ఇంక్లైన్ కాలనీ అని ఊరి పేర్లే ఉన్నాయి. పిట్స్‌బర్గ్ ఇంక్లైన్ కిందికి కాదు, పైకి వెళ్తుంది. నిట్టనిలువు కొండ వాలు మీద పట్టాలు, రెండు పెట్టెలు, ఉక్కుతాడు. ఒకటి దిగుతుంటే ఆ బరువుకి రెండోది ఎక్కుతుంది. ఇప్పుడు మౌంట్ వాషింగ్టన్ అంటున్న ఆ కొండని ఒకప్పుడు కోల్ హిల్ అనేవారు, అంటే మన బొగ్గుగుట్టే. కింద ఫ్యాక్టరీల్లో పని, పైన ఇళ్ళు. రోజూ మెట్లెక్కలేక ఈ ఏర్పాటు. ఒకప్పుడు పదిహేనుకు పైగా ఉండేవి, ఇప్పుడు రెండే మిగిలాయి. 1870 నాటి మొనాంగహీలా ఇంక్లైన్, 1877 నాటి డ్యుకేన్ ఇంక్లైన్. షిఫ్టు దిగి మసి మొహాలతో ఇళ్ళకు పోయేవాళ్ళు ఈ చెక్క బెంచీల మీదే కూర్చుని ఉంటారు. మా నాన్న ఉంటే చూసి సంబరపడేవాడు.

పైకెక్కి రెయిలింగ్ దగ్గర నిలబడితే ఊరంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఉత్తరాన్నుంచి అల్లెగెనీ, దక్షిణాన్నుంచి మొనాంగహీలా వచ్చి కలిసి ఒహాయో నదిగా సాగిపోతాయి. ఎటు చూసినా పసుపు రంగు వంతెనలు. ఊరి మొత్తంలో నాలుగు వందలకు పైగా ఉన్నాయి. రెండు నదులు కలిసే మొనలో పెద్ద ఫౌంటెన్. ఆ ఫౌంటెన్ నీళ్ళు ఈ నదులవి కావట, భూమి అడుగున పారే మరో నీటి పొర నుంచి వస్తాయట. దాన్ని ఇక్కడివాళ్ళు నాలుగో నది అంటారు. మా అమ్మాయి ఆ సంగతి చెప్తుంటే నాకు కాళేశ్వరం గుర్తొచ్చింది. అక్కడ గోదావరి, ప్రాణహిత కలుస్తాయి. పైకి కనపడని సరస్వతి కూడా కలుస్తుందని మనవాళ్ళ నమ్మకం. శివరాత్రికి మా అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఆ నీళ్ళలో ముంచేది. “అయితే నాకీ ఊరు ముందే తెలుసన్నమాట” అంది అమ్మాయి.

నేను మూడుసార్లు దీని పక్కనుంచే వెళ్ళాను. ఫోర్ట్ పిట్ సొరంగం దాటగానే ఒక్కసారిగా నదులు, వంతెనలు, ఊరు కళ్ళముందుకొస్తాయి. ఆ దృశ్యం కోసమే ఆ దారిన వచ్చేవాళ్ళున్నారు. ఆ మూడుసార్లూ నేను నిద్రలో ఉన్నాను. ఇదే మాట అమ్మాయితో అన్నాను. అన్నాక ఇక ఆగలేదు, మిగతాదీ చెప్పాను.

1999 డిసెంబరు 31. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం భయపడిన రాత్రి. మేం ఏడుగురం ఆ రాత్రంతా మేలుకుని, ఏమీ ఆగలేదని నిర్ధారించుకుని, తెల్లవారుజామున వ్యాన్‌లో పిట్స్‌బర్గ్ బయలుదేరాం. కొత్త సంవత్సరం నాడు స్వామి దర్శనం. గుడిలో చాంతాడంత క్యూ, దర్శనం, పులిహోర, రెండోసారి పులిహోర. తిరుగు ప్రయాణం రాత్రి పదింటికి. వ్యాన్ అద్దె కాగితం మీద ఉన్నది ఒక్కడి పేరే, మాలో పాతికేళ్ళు నిండినవాడు వాడొక్కడే. వాడు అలసిపోయాడు. నేను తీసుకుంటానన్నాను. నాకు లైసెన్సు వచ్చి అప్పటికి రెండు నెలలు. నా పేరు ఆ కాగితం మీద లేదు కాబట్టి ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కూడా ఉండదని అప్పుడు నాకు తెలియను కూడా తెలియదు. పక్క సీటువాడి పని నాతో మాట్లాడుతూ ఉండడం. వాడూ నిద్రపోయాడు.

జేన్స్‌విల్ దగ్గర ఎక్కడో కళ్ళు తెరిచేసరికి వ్యాన్ రోడ్డు మీద లేదు. మంచు లేదు, వాన లేదు, రోడ్డు పొడిగా ఉంది. రెండు దారుల మధ్యనున్న గడ్డి పల్లంలో ఎగిరెగిరి పడుతోంది. ఎదురుగా అవతలి దారిలో వచ్చే ట్రక్కుల లైట్లు. బ్రేకు మీద నిలబడ్డాను. ఆగింది. ఎవరికీ గీత పడలేదు. వెనక సీట్లో ఒకడు “వచ్చేశామా?” అని అడిగాడు. పోలీసతను వచ్చాడు, ఏడుగురి మొహాల మీదా టార్చి వేశాడు. దగ్గర్లోని రెస్ట్ ఏరియా దాకా మా వెనకే వచ్చి, తెల్లవారేదాకా ఇక్కణ్ణుంచి కదలొద్దని చెప్పి వెళ్ళిపోయాడు. మర్నాడు కాలింగ్ కార్డుతో అమ్మకు ఫోన్ చేసి, “గుడికి పోయొచ్చినం, దర్శనం మంచిగైంది” అన్నాను. అంతే చెప్పాను. ఆ తర్వాత పాతికేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఏటా ఏదో ఒక రాష్ట్రంలో మన తెలుగు పిల్లలు రాత్రిపూట కారు ప్రమాదంలో పోయారని వార్త వస్తుంది. అది చదివిన రోజు నాకు అన్నం సహించదు. ఆ వార్తలో పేర్లు మావే కావలసింది.

అమ్మాయి చాలాసేపు రెయిలింగ్ పట్టుకుని నదివైపు చూస్తూ ఉంది. “అమ్మకి తెలుసా?” అంది చివరికి.

“తెల్వదు.”

“చెప్పాలి కదా నాన్నా.”

చెప్పాను. ఈ వ్యాసం పంపేముందు చెప్పాను. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

“అయితే రేపు నన్ను వెళ్ళొద్దంటావా?” అని అడిగింది. వద్దనే చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నాకూ దానికీ తేడా నిన్ననే చూశాను. అది రాత్రంతా మేలుకుని లేదు. బండి నడిపే పిల్ల తండ్రి ఇంట్లో నేను భోంచేశాను. “పోయి రా బిడ్డా. ముందు సీట్ల కూసున్నోళ్ళు మాత్రం పండొద్దు” అన్నాను. “ముందు సీటు నాదే” అంది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి నలుగురూ బయలుదేరారు. నేను గుడికి వెళ్ళాను. పెన్ హిల్స్‌లో కొండ వాలు మీద 1976లో వెలసిన గుడి. అమెరికాలో మనవాళ్ళు తొలినాళ్ళలో కట్టుకున్న గుళ్ళలో ఒకటి. సోమవారం కావడంతో జనం లేరు. పాతికేళ్ళ కిందట తోపులాటలో రెండు క్షణాలు చూసిన స్వామిని ఈసారి నింపాదిగా చూశాను. మా వ్యాన్ నిలిపిన చోటు ఇదేనా అని పార్కింగ్‌లో కాసేపు వెతికాను, గుర్తుపట్టలేకపోయాను. ఫోన్ మాత్రం చేతిలోంచి దించలేదు.

మధ్యాహ్నం ఫొటోలు రావడం మొదలైంది. ఫాలింగ్ వాటర్ అంటే బేర్ రన్ అనే వాగు మీద, జలపాతం నెత్తినే కట్టిన ఇల్లు. పిట్స్‌బర్గ్‌లో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ యజమాని కౌఫ్‌మన్ కోసం 1930లలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టాడు. 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. యజమాని జలపాతం కనపడేలా ఇల్లు అడిగితే రైట్ జలపాతం పైనే ఇల్లు పెట్టాడు, దాంతో ఇంట్లోంచి జలపాతం కనపడదు, శబ్దం మాత్రం వినపడుతుంది. మన ప్రాజెక్టుల్లో క్లయింటు అడిగింది ఒకటి, చేసిచ్చింది ఒకటి అయిన సందర్భాలు నాకు చాలా గుర్తొచ్చాయి. చూడదలచినవాళ్ళు టికెట్లు ముందుగా తీసుకోవాలి. ఆరేళ్ళలోపు పిల్లల్ని మామూలు టూర్లలో ఇంటి లోపలికి అనుమతించరు. దగ్గర్లోని ఒహాయోపైల్‌లో యాకిగేనీ నది సుళ్ళు తిరుగుతూ పారుతుంది. పిట్స్‌బర్గ్ నుంచి మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ దాకా నూట యాభై మైళ్ళ సైకిల్ దారి కూడా ఆ ఊరి మీదుగానే పోతుంది. వచ్చే వేసవిలో అది తొక్కాలని నలుగురూ అప్పుడే తీర్మానించుకున్నారట.

నాలుగున్నరకి “బయలుదేరాం” అని మెసేజ్. ఆరు దాటాక హాస్టల్ ముందు కారు ఆగింది. ఇంకా ఎండ పూర్తిగా పోలేదు. నలుగురూ బురద బూట్లతో, ఆకలితో దిగారు. ఘానా అబ్బాయి నా దగ్గరికొచ్చి, దారిలో మా అమ్మాయి ఎవరినీ నిద్రపోనివ్వలేదని, ప్రతి పది నిమిషాలకీ ఏదో ఒక ప్రశ్న వేసి చంపిందని ఫిర్యాదు చేశాడు. ఎందుకో అతనికి చెప్పలేదట. ఆ రాత్రి డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయి.

మంగళవారం నేను బయలుదేరాలి. అమ్మాయితో ఇంకాసేపు గడుపుదామని, భోంచేసి మూడింటికి వెళ్తానన్నాను. అది ఒప్పుకోలేదు. ఆరు గంటల దారి, మూడింటికి వెళ్తే సగం చీకట్లోనే నడపాలి అని లెక్క చెప్పింది. పది గంటలకల్లా నన్ను కారు దగ్గరికి తీసుకొచ్చి, ఖాళీ డబ్బాలు డిక్కీలో పెట్టి, “మధ్యలో ఆగు నాన్నా. నిద్రొస్తే పడుకో. చేరగానే మెసేజ్ పెట్టు” అంది.

టర్న్‌పైక్ మీద సైడ్‌లింగ్ హిల్ సర్వీస్ ప్లాజాలో ఆగాను. నిద్రేమీ రావడం లేదు. అయినా సీటు వెనక్కి వాల్చి ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకున్నాను. లేచి, ఆగానని అమ్మాయికి మెసేజ్ పెట్టి, ఒక కాఫీ తాగి మళ్ళీ రోడ్డెక్కాను.